చివరి రంధ్రానికి పెట్టినా నిలవని వాచీ బెల్టు: పొడవు ఎలా ఎంచుకోవాలి?

నాన్నగారి_జనతా
నాన్నగారు ఉద్యోగ విరమణ చేసిన రోజున తన హెచ్‌ఎంటీ జనతాను నాకిచ్చారు. ముప్పై ఏళ్లకు పైగా ఆయన చేతికున్న వాచీ. ఇప్పటికీ నడుస్తోంది, రోజూ ఉదయం కీ ఇస్తున్నాను. బెల్టు మాత్రం పూర్తిగా చీలిపోయింది. లగ్గుల (బెల్టు తగిలించే కొమ్ముల) మధ్య కొలిచి, 18 మి.మీ. అని చూసుకుని, ఆన్‌లైన్‌లో ఒక తోలు బెల్టు తెప్పించాను. వెడల్పు చక్కగా కుదిరింది. చిక్కంతా పొడవు దగ్గరే. చివరి రంధ్రానికి పెట్టినా వాచీ జారి మణికట్టు పక్కకు వాలుతోంది. బకిల్ మణికట్టు కింద మధ్యలో కూర్చోకుండా బొటనవేలి వైపుకు వస్తోంది, బల్ల మీద చెయ్యి ఆనిస్తే గుచ్చుకుంటోంది. మిగిలిన కొస రెండు లూపులూ దాటి తోకలా బయటికి నిలుస్తోంది. ప్యాకెట్టు మీద 120/75 అని ఉంది, దాని అర్థం నాకు తెలియదు.

నా మణికట్టు సన్నం. ఇంకో రెండు రంధ్రాలు వేయిస్తే సరిపోతుందా, వేరే బెల్టు కొనాలా? 650 రూపాయలు పెట్టాను, ఊరికే పక్కన పడేయడానికి మనసు రావడం లేదు.

గోదారి_గట్టు
రంధ్రాలు వేయించండి. చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఐదు నిమిషాల పని. దీనికి కొత్త బెల్టు ఎందుకండీ?

స్టీల్_చెయిన్
పై మాటే నాదీ. నేను కాలేజీ రోజుల్లో ప్రతి బెల్టుకూ ఒక రంధ్రం అదనంగా వేయించేవాడిని.

తోలుపని
తొందరపడకండి. ఎనిమిదేళ్లుగా చేత్తో వాచీ బెల్టులు కుడుతున్నాను. ఈ ప్రశ్న వారానికి ఒకరైనా అడుగుతారు.

120/75 అంటే ఆ బెల్టు రెండు ముక్కల పొడవులు. రంధ్రాలున్న పొడుగు ముక్క 120 మి.మీ., బకిల్ ఉన్న పొట్టి ముక్క 75 మి.మీ. బకిల్ లోహాన్ని ఈ లెక్కలో కలపరు, తోలు పొడవు మాత్రమే. బజారులో దొరికే మగవారి బెల్టుల్లో ఎక్కువ భాగం 115/75 లేదా 120/75. పొట్టివి 105/65 దగ్గర, పొడుగువి 130/80 దగ్గర ఉంటాయి. అమ్మేవారిలో చాలామంది వెడల్పు పెద్ద అక్షరాలతో వేసి పొడవు ఎక్కడో మూలన వేస్తారు, కొందరు అసలు వేయరు. కొనేవారూ వెడల్పు ఒక్కటే అడుగుతారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. మీరు చెప్పిన వాటిలో మూడు లోపాలున్నాయి: వదులు, బకిల్ పక్కకు రావడం, కొస ఎక్కువగా మిగలడం. కొత్త రంధ్రం మొదటిదాన్ని మాత్రమే తీరుస్తుంది. బకిల్ ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించేది పొట్టి ముక్క. పొడుగు ముక్కకు ఎన్ని రంధ్రాలు వేసినా బకిల్ ఉన్నచోటి నుంచి కదలదు. కొస సంగతి చెప్పనక్కర్లేదు, ఒక రంధ్రం లోపలికి జరిగిన ప్రతిసారీ అంత మేర పెరుగుతుంది.

నాలుగు కొలతలు ఇవ్వండి. వాచీ కూర్చునే చోట మణికట్టు చుట్టుకొలత. వాచీకి పైన ఒకటి, కింద ఒకటి బెల్టును పట్టి ఉంచే రెండు పిన్నుల మధ్య దూరం. పిన్ను నుంచి లోపలి చివరి రంధ్రం వరకు పొడవు. బెల్టు మందం.

నాన్నగారి_జనతా
@తోలుపని దర్జీ టేపుతో కొలిచాను. మణికట్టు 155 మి.మీ. పిన్నుల మధ్య 37. పిన్ను నుంచి చివరి రంధ్రం 57. మందం రెండున్నర ఉంటుంది.

లెక్కల_మాస్టారు
ఇది నా బడి పిల్లలకు ఇవ్వదగిన లెక్క, చేసి చూపిస్తాను.

బెల్టు పెట్టుకున్నప్పుడు ఏర్పడే వలయం పొడవు ఎంత? వాచీ పిన్నుల మధ్య 37, పొట్టి ముక్క 75, పొడుగు ముక్కలో వాడిన రంధ్రం వరకు 57. మొత్తం 169. ఇదంతా లోపలి చుట్టుకొలత అనుకుంటే పొరపాటు. బెల్టుకు మందం ఉంది కదా, వంచినప్పుడు లోపలి వైపు ముడుచుకుంటుంది, బయటి వైపు సాగుతుంది, అసలు పొడవు నిలిచేది మందం మధ్యలో. అందువల్ల మందాన్ని 3.14తో హెచ్చవేసి తీసేయాలి. రెండున్నరకు సుమారు 8. అంటే లోపల చేతికి మిగిలేది 161. మీ మణికట్టు 155. ఆరు మిల్లీమీటర్ల వదులు. అందుకే వాచీ వాలుతోంది.

మీకు కావలసిన వలయం 155 + 8 = 163. అందులో వాచీ 37 తీసేస్తే బెల్టుకు మిగిలేది 126. బకిల్ సరిగ్గా కింద మధ్యలో ఉండాలంటే అందులో సగం, అంటే 63, పొట్టి ముక్క ఉండాలి. మీ ముక్క 75. పన్నెండు మిల్లీమీటర్లు ఎక్కువ. బకిల్ బొటనవేలి వైపుకు జరిగింది అందుకే.

మణికట్టు నిజానికి గుండ్రం కాదు, కాస్త బల్లపరుపు కోడిగుడ్డు ఆకారం. వాచీ అడుగు కూడా వంగదు. కాబట్టి ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వస్తుంది. అయినా బెల్టు ఎంచుకోవడానికి ఈ లెక్క చాలు.

తోలుపని
మాస్టారు లెక్కే నా అనుభవం కూడా. మీకు 105/65 సరిపోతుంది. 65 పొట్టి ముక్క, 61 దగ్గర రంధ్రం, కొస 44 మిగులుతుంది. రెండు లూపుల్లో ఒద్దికగా కూర్చుంటుంది. ఇప్పుడున్న బెల్టుకే ఇంకో రంధ్రం వేస్తే కొస 70 మిగులుతుంది. మణికట్టు చుట్టూ సగం తిరిగి వాచీ పక్కకు వస్తుంది.

గోదారి_గట్టు
ఇంత లెక్క ఎవరు చేశారండీ ఇన్నాళ్లూ? మా తాతగారు వాచీ ఎప్పుడూ గాజులా వదులుగా పెట్టుకునేవారు. చెయ్యి కిందికి దించితే అరచేతి దాకా వచ్చేది, టైము చూడాలంటే చెయ్యి ఒకసారి విదిలించేవారు. అదే ఆయన అందం. బిగుతుగా కట్టుకుంటే రక్తం ఆగిపోతుందని మా నాయనమ్మ తిట్టేది కూడా.

నీలిముల్లు
@గోదారి_గట్టు మీ తాతగారిది స్టీల్ చెయిన్ అయి ఉంటుంది. చెయిన్‌కు ఆ వదులు నప్పుతుంది, లోహం చర్మం మీద జారుతుంది. తోలు అలా కాదు. వదులుగా ఉంటే రుద్దుకుని లోపలి పొర త్వరగా చెడుతుంది, వాచీ బరువంతా పిన్నుల దగ్గర పడుతుంది.

గోదారి_గట్టు
అవును, చెయినే. స్ప్రింగులా సాగే రకం. చేతి మీద వెంట్రుకలు పట్టి లాగుతుందని అందరూ భయపడేవారు, ఆయన మాత్రం నలభై ఏళ్లు అదే పెట్టుకున్నారు.

కొత్త_కాపురం
మంచి సమయంలో ఈ చర్చ కనబడింది. మా ఆవిడకు చెప్పకుండా వాచీకి కొత్త బెల్టు కొనాలనుకుని ఆవిడ గాజుల సైజు చూశాను. 2-6. అంటే అడ్డుకొలత 60 మి.మీ. పైనే కదా, చుట్టుకొలత 190 వస్తుంది. ఆ లెక్కన పొడుగు రకం 125/80 తెప్పించాను. పెడితే రెండు వేళ్లు దూరేంత వదులు. లెక్క ఎక్కడ తప్పింది?

గాజుల_గలగల
లెక్క తప్పలేదు, కొలిచిన వస్తువు తప్పింది. గాజు మణికట్టు కొలత కాదండీ, అరచెయ్యి కొలత! బొటనవేలు లోపలికి మడిచి చెయ్యి ముడిచినప్పుడు కణుపులు దాటాలి కదా గాజు, దాని కోసమే ఆ సైజు. 2-4 అంటే రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే 57 మి.మీ. అడ్డుకొలత, చుట్టుకొలత 180 దగ్గర. నేను వేసుకునేది అదే, నా మణికట్టు మాత్రం 145. గాజుకూ చేతికీ మధ్య అంత ఖాళీ ఉండబట్టే గలగలమంటాయి.

ఇంకో సంగతి. ఒకే సైజు గాజులు వేసుకునే ఇద్దరి మణికట్లు ఒకేలా ఉంటాయన్న నమ్మకం లేదు. మా అక్కది 2-4 అయినా మణికట్టు నాకంటే లావు, ఆవిడ చెయ్యి మెత్తన. గాజు చూసి బెల్టు కొనడమంటే చెప్పు సైజు చూసి పట్టీలు కొనడమే.

కొత్త_కాపురం
బాగా చెప్పారు. మరి ఆవిడకు తెలియకుండా కొలవడం ఎలా? నిద్రపోతున్నప్పుడు దారం చుట్టి చూశాను, లేచి కూర్చుంది.

తోలుపని
ఆవిడ రోజూ పెట్టుకునే వాచీ ఉంటే చాలు. ఇప్పుడున్న బెల్టు తీసి పరిచి చూడండి. ఏ రంధ్రం సాగి కోలగా అయ్యిందో, ఏ రంధ్రం దగ్గర తోలు మీద బకిల్ గీత పడిందో, అదే ఆవిడ వాడే రంధ్రం. పిన్ను నుంచి అక్కడి వరకు కొలవండి, పొట్టి ముక్క కూడా కొలవండి. మణికట్టును కొలవడం కంటే ఇదే నమ్మకమైన కొలత అంటాను నేను. మనిషి తనకు ఏది హాయిగా ఉందో ఏళ్ల తరబడి ఆ తోలు మీద రాసిపెట్టినట్టే. నా దగ్గరికి వచ్చేవారికి పాత బెల్టు ఎంత చిరిగినా పారేయకుండా తీసుకురమ్మని చెబుతాను.

కొత్త_కాపురం
పాత బెల్టులో నాలుగో రంధ్రం కోలగా ఉంది! పొట్టి ముక్క 65, రంధ్రం వరకు 58. ఇవే కొలతలతో ఆర్డరు పెడుతున్నాను.

ఎనిమిదంగుళాలు
సన్నపు చేతుల వారి కష్టాలు చదువుతున్నాను. లావు చేతుల వారి కష్టం కూడా వినండి. నా మణికట్టు 202. ఆరేళ్ల పాటు దుకాణాల్లో నాకు చెప్పిన మాట ఒకటే, "తోలు కదండీ, సాగుతుంది." 115/75 బెల్టును మొదటి రంధ్రానికి లాగి పెట్టుకునేవాడిని. సాయంత్రానికి చేతి మీద బకిల్ అచ్చు పడేది. కొస మొదటి లూపు దాటేది కాదు, చొక్కా మణికట్టుకు పట్టుకుని ఊడిపోయేది. తోలు సాగిందా అంటే సాగింది, ఒక్క రంధ్రం దగ్గర మాత్రమే. అది చిరుగు పట్టి బెల్టు తెగి, వాచీ బస్సు మెట్ల మీద పడి అద్దం పగిలింది.

నావి మందపాటి బెల్టులు, నాలుగు మిల్లీమీటర్లవి. మాస్టారి లెక్క చూశాక ఇప్పుడు అర్థమైంది, మందమే పన్నెండున్నర తినేస్తోందన్నమాట.

లెక్కల_మాస్టారు
అంతే. 202కు 12.5 కలిపితే 214.5. మీ వాచీ పిన్నుల మధ్య ఎంత?

ఎనిమిదంగుళాలు
42.

లెక్కల_మాస్టారు
అయితే బెల్టుకు కావలసింది 172.5. సగం 86. మీకు 80కి తక్కువ పొట్టి ముక్క కొనవద్దు. 130/80 తీసుకుంటే 92 దగ్గర రంధ్రం ఉండాలి, కొనే ముందు మొదటి రంధ్రం ఎక్కడుందో అడగండి. మొత్తం పొడవు ఒకటే అయినా రంధ్రాలు ఒక్కొక్కరు ఒక్కో చోట మొదలుపెడతారు.

పల్చటి బెల్టుకు మారితే పొడవు అవసరం ఆరు మిల్లీమీటర్లు తగ్గుతుంది. అది కూడా ఒక దారి.

ఎనిమిదంగుళాలు
పల్చటిది నా చేతికి దారం కట్టినట్టు ఉంటుంది. మందపాటివే ఇష్టం. 130/80 వెతుకుతాను.

పల్నాటి_ఎండ
కొలిచే సమయం గురించి ఎవరూ చెప్పలేదు. మాది రెంటచింతల దగ్గర. మే నెలలో మధ్యాహ్నం చేతులు ఉబ్బుతాయి, ఉదయం హాయిగా ఉన్న రంధ్రం మూడు గంటలకు పట్టేస్తుంది. ఉదయం లేచిన వెంటనే కొలిచి బెల్టు కొన్నవారు వేసవిలో బాధపడతారు. రోజులో రెండు మూడు సార్లు కొలిచి చూడండి. మీ చేతికి తగిన రంధ్రం వరసలో మధ్యది అయ్యేలా బెల్టు ఎంచుకోండి. అటు ఒకటి రెండు, ఇటు ఒకటి రెండు మిగలాలి. మొదటి రంధ్రంలోనో చివరి రంధ్రంలోనో సరిపోయేది సరిపోయినట్టు కాదు.

ఎండలో తోలు బెల్టు చెమటకు ఏడాది కూడా నిలవదు, అది వేరే సంగతి. మార్చి నుంచి జూన్ వరకు నేను నైలాను వాడతాను.

చికాగో_చలి
ఇక్కడ తలకిందులు. జనవరిలో నా మణికట్టు ఒక రంధ్రం తగ్గిపోతుంది. ఇంట్లో హీటరు ముందు ఒక రంధ్రం, బయట మంచులో ఒక రంధ్రం. రంధ్రాల మధ్య దూరం ఆరేడు మిల్లీమీటర్లు ఉండటంతో ఒకటి బిగుతు, ఇంకొకటి వదులు అయ్యేది. తోలు పనివాడితో నాలుగు మిల్లీమీటర్ల ఎడంతో రంధ్రాలు వేయించుకున్నాను. సుఖంగా ఉంది.

తోలుపని
నాలుగు మిల్లీమీటర్ల ఎడం అంటే బాగా దగ్గర. రంధ్రాల మధ్య మిగిలే తోలు తక్కువైతే త్వరగా చిరుగుతుంది. మందపు తోలు, లోపల గట్టి పొర ఉంటే పరవాలేదు, పల్చటి బెల్టుకు మాత్రం ఐదుకు తగ్గవద్దు.

రంధ్రం సంగతి వచ్చింది కాబట్టి @గోదారి_గట్టు గారి మొదటి సలహా మీద ఒక మాట. చెప్పులు కుట్టేవారి దగ్గర ఉండే పంచ్ చెప్పు పట్టీలకు, నడుము బెల్టులకు పనికివచ్చేది, వాచీ బెల్టుకు పెద్దదవుతుంది. వాచీ బకిల్ ముల్లుకు రెండు మిల్లీమీటర్ల రంధ్రం చాలు. చిన్న పంచ్ ఉందేమో అడిగి వేయించుకోండి. మేకుతోనో కాల్చిన సూదితోనో పొడవవద్దు. మేకు తోలును తీసేయదు, పక్కకు నెడుతుంది, నాలుగు రోజుల్లో మూసుకుపోతుంది, లేకపోతే చీలుతుంది. గొట్టంలా బోలుగా ఉన్న పంచ్‌తో, కింద చెక్క పెట్టి, ఒక్క దెబ్బతో కొట్టాలి. ముందు ఉన్న రంధ్రాల వరుసకు గీత గీసి మధ్యలో గుర్తు పెట్టుకోవాలి. అర మిల్లీమీటరు పక్కకు పోయినా బెల్టు వంకరగా కూర్చుంటుంది.

నాన్నగారి_జనతా
పొట్టి ముక్కనే కత్తిరించి మళ్లీ కుట్టించవచ్చా?

తోలుపని
బకిల్ దగ్గర మడత విప్పి, పది మిల్లీమీటర్లు తగ్గించి, ముల్లు కోసం కొత్త చీలిక కోసి, మడిచి కుట్టాలి. లోపల మెత్త పెట్టిన బెల్టయితే ఆ మెత్త మడత దగ్గరికి వచ్చి ఉబ్బుగా కనబడుతుంది. పల్చటిదైతే చేయవచ్చు. పని చేసినవారికి మీరిచ్చే కూలి కొత్త పొట్టి బెల్టు ధరకు దగ్గరగా ఉంటుంది. నాకు ఈ పని వస్తే కొత్తది కొనమనే చెబుతాను.

స్టీల్_చెయిన్
చెయిన్‌లకూ ఇదే సూత్రం అని ఇప్పుడు తెలుస్తోంది. గత ఏడాది ఒక దుకాణంలో నా చెయిన్ పొట్టి చేయించుకున్నాను. నాలుగు కడియాలు (చెయిన్ లింకులు) తీయాలి. ఆయన నాలుగూ ఒకే వైపు నుంచి తీశాడు. చుట్టుకొలత సరిపోయింది, బకిల్ మాత్రం మణికట్టు అంచుకు వచ్చింది. అడిగితే "అంతే ఉంటుందండీ" అన్నాడు. ఏడాదిగా నాదే వంకర చెయ్యి అనుకుంటున్నాను.

నీలిముల్లు
మీ చెయ్యి బాగానే ఉంది. రెండు వైపులా సమానంగా తీయాలి. బేసి సంఖ్య వస్తే సాధారణంగా 6 గంటల వైపు నుంచి ఒకటి ఎక్కువ తీస్తారు. ముందు అలా చేసి పెట్టుకుని చూడండి, బకిల్ మధ్యకు రాకపోతే ఒక కడియం అటు నుంచి ఇటు మార్చండి. చిన్న తేడాలకు బకిల్ పక్కన వరుసగా రంధ్రాలుంటాయి, అక్కడి పిన్ను జరిపితే ఒకటి రెండు మిల్లీమీటర్లు సర్దుకోవచ్చు. చాలామంది ఆ రంధ్రాలు అందానికి పెట్టారనుకుంటారు.

కడియాల లోపలి వైపు బాణం గుర్తులు చూశారా? పిన్ను ఆ బాణం చూపే వైపుకు నెట్టి తీయాలి, పెట్టేటప్పుడు ఎదురు వైపు నుంచి. తిరగేసి కొడితే పిన్ను వంగుతుంది. తీసిన కడియాలు తప్పకుండా అడిగి తెచ్చుకోండి. లావు అయితే మళ్లీ కావాలి.

స్టీల్_చెయిన్
తీసిన నాలుగూ అల్మారాలో ఒక డబ్బాలో ఉన్నాయి. ఆదివారం రెండింటిని ఇటు వేసి, అటు నుంచి రెండు తీసి చూస్తాను.

పరుగు_పందెం
స్మార్ట్ వాచీ వాడేవారికి బిగుతు అలంకారం కాదు, పనికి సంబంధించిన విషయం. అడుగున ఉన్న పచ్చ వెలుగు చర్మానికి ఆనుకుని ఉంటేనే గుండె వేగం సరిగ్గా చూపిస్తుంది. పరుగెత్తేటప్పుడు నేను ఒక రంధ్రం బిగించి, చిటికెన వేలి వైపు ఉన్న ఎముక గుబ్బ దాటి మోచేతి వైపు రెండు వేళ్లు పైకి పెట్టుకుంటాను. అక్కడ చెయ్యి లావు. అందువల్ల కొలత కూడా అక్కడే తీసుకున్నాను. మణికట్టు దగ్గర కొలిచి కొన్న మొదటి బెల్టు పరుగుకు పనికిరాలేదు.

ఆపిల్ వాచీ వాడేవారికి ఒక జాగ్రత్త. 38, 40, 41 మి.మీ. వాచీలకు ఒక రకం బెల్టు, పాత 42, 44, 45, 49 వాచీలకు ఇంకో రకం. పదో శ్రేణిలో (సిరీస్ 10) వచ్చిన 42 వాచీకి మాత్రం చిన్న రకం బెల్టే పడుతుంది. 42 అన్న అంకె చూసి పాత 42 బెల్టు కొంటే పట్టదు.

గాజుల_గలగల
ఎముక గుబ్బ సంగతి మంచి మాట. కొందరు గుబ్బకు కిందుగా, కొందరు పైగా పెట్టుకుంటారు. రెండింటికీ నా చేతిలో 6 మి.మీ. తేడా ఉంది, ఇప్పుడే కొలిచాను.

గోదారి_గట్టు
ఎంత బిగుతు సరైన బిగుతు? మా ఊళ్లో దుకాణదారు చిటికెన వేలు దూరాలంటాడు.

లెక్కల_మాస్టారు
చిటికెన వేలు లెక్కతో నాకు పేచీ ఉంది. ఎవరి చిటికెన వేలు? నాది దూరిందంటే పది మిల్లీమీటర్లకు పైగా వదులు.

తోలుపని
వేలు మొత్తం కాదు, వేలి కొస బెల్టు కిందికి కొద్దిగా దూరితే చాలు. చెయ్యి దించి ఊపితే వాచీ కొద్దిగా జరగాలి, పక్కకు తిరగకూడదు. పిడికిలి బిగిస్తే పట్టకూడదు. నేను ఈ రెండే చూస్తాను. కొత్త తోలు వాడేకొద్దీ చేతి వంపుకు అలవాటుపడి ఒక రవ్వ వదులవుతుంది కాబట్టి కొన్న రోజున సరిగ్గా పట్టినట్టు ఉన్నా కంగారు పడవద్దు.

నీలిముల్లు
జనతా గురించి రెండు మాటలు, ఎందుకంటే నాకు ఆ వాచీ అంటే ప్రాణం. హెచ్‌ఎంటీ 1961లో జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. ఆ తర్వాత మన ఇళ్లలో ఉద్యోగం వచ్చినా, పెళ్లయినా చేతికి వచ్చిన వాచీ అదే. ఇన్నేళ్ల వాచీకి బెల్టు కంటే ముందు పిన్నులు మార్చండి. లోపలి స్ప్రింగు నీరసించి ఉంటుంది. 18 మి.మీ. కొత్త పిన్నుల జత చాలా తక్కువకు వస్తుంది. పాత పిన్ను ఊడితే నాన్నగారి వాచీ నేల మీద ఉంటుంది.

ఆ భయం పూర్తిగా పోవాలంటే ఒకే పట్టీగా ఉండే నైలాను బెల్టు ఉంది. బ్రిటన్ రక్షణ శాఖ 1973లో తన సైనికుల వాచీల కోసం దానికి ప్రమాణం రాసింది. రెండు పిన్నులకూ వాచీకీ మధ్య సందుల్లో దూరి, వాచీ అడుగు నుంచి వెళుతుంది కాబట్టి ఒక పిన్ను ఊడినా వాచీ పడిపోదు. మొత్తం పొడవు 280 మి.మీ. దగ్గర ఉంటుంది. సన్నపు చేతికి కొస చాలా మిగులుతుంది, దాన్ని వెనక్కి మడిచి లూపులో దోపాలి.

నాన్నగారి_జనతా
నైలాను అడుగు నుంచి పోతే వాచీ ఎత్తుగా కూర్చోదా?

నీలిముల్లు
కూర్చుంటుంది. నైలాను మందం వాచీ కింద చేరుతుంది. జనతా పల్చటి వాచీ, దాని అందమంతా చేతికి ఆనుకుని ఉండటంలోనే ఉంది. మీకు తోలే మంచిది, పిన్నులు మాత్రం మార్చండి.

గోదారి_గట్టు
ఇంత చదివాక ఊరుకోలేక నా బెల్టు కూడా కొలిచాను. మణికట్టు 160, పిన్నుల మధ్య 40, పొట్టి ముక్క 75, మందం మూడు. మాస్టారి లెక్కన నాకు 65 ఉండాలి. బకిల్ పది మిల్లీమీటర్లు పక్కకు ఉంది. కంప్యూటరు దగ్గర కూర్చోగానే వాచీ తీసి పక్కన పెట్టే అలవాటు నాకు ఎందుకొచ్చిందో ఇన్నాళ్లకు తెలిసింది. బల్లకు గుచ్చుకునేది. నా మొదటి సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

నాన్నగారి_జనతా
నిన్న నాన్నగారి పాత బెల్టు బీరువాలో దొరికింది. తోలుపని గారు చెప్పినట్టు పరిచి చూశాను. ఒకే ఒక్క రంధ్రం కోలగా సాగి ఉంది, మిగిలినవన్నీ కొత్తవాటిలా గుండ్రంగా ఉన్నాయి. పిన్ను నుంచి 66. పొట్టి ముక్క 75. ఇన్నేళ్లూ ప్రతి బెల్టుకూ అదే రంధ్రం వాడి ఉంటారని అనిపించింది. ఆయన మణికట్టు కొలిస్తే 170 వచ్చింది. అంటే ఆయనకు 120/75 అతికినట్టు సరిపోతుంది. తప్పు బెల్టుది కాదు, నేను ఆయన కొలతను నా చేతికి కొన్నాను.

105/65 ఆర్డరు పెట్టాను. పిన్నులు కూడా.

ఎనిమిదంగుళాలు
వచ్చాక ఎలా ఉందో తప్పక చెప్పండి.

కొత్త_కాపురం
నాది వచ్చింది. ఆవిడ పెట్టుకుని, "కొలత ఎలా తెలిసింది?" అని అడిగింది. గాజుల సంగతి చెప్పలేదు.

గాజుల_గలగల
చెప్పకండి.

నాన్నగారి_జనతా
ఎనిమిది రోజుల తర్వాత రాస్తున్నాను. పొట్టి బెల్టు వచ్చింది. వరసలో మూడో రంధ్రానికి సరిగ్గా కుదిరింది, అటు రెండు, ఇటు మూడు మిగిలాయి. బకిల్ మణికట్టు కింద మధ్యలో ఉంది. బల్ల మీద చెయ్యి ఆనించే ఈ మాటలు రాస్తున్నాను, గుచ్చుకోవడం లేదు. కొస రెండో లూపు దాటి ఒక్క వేలి వెడల్పు ఉంది. చెయ్యి ఊపినా వాచీ వాలడం లేదు.

మొదట కొన్న 120/75 వృథా కాలేదు. నాన్నగారి దగ్గర ఇంకో పాత వాచీ ఉంది, దాని లగ్గులూ 18. దానికి ఆ బెల్టు వేసి ఇచ్చాను. ఆయన ఏమీ అడగకుండా, చూడకుండా, వేలితో తడుముకుని నేరుగా తన రంధ్రానికి పెట్టుకున్నారు.

తోలుపని
ఆ పాత బెల్టు దాచి ఉంచండి. ఆయనకు మళ్లీ కావలసినప్పుడు దాన్ని చూసే కుట్టి పంపిస్తాను.